ఖాసిం సాహెబ్ తుంచిన మాటలు

రత్నమణికి కీర్తనలన్నీ కంఠతా వచ్చు. వేంపల్లె దగ్గరి ఓ చిన్న పల్లెలో, వేరుశెనగ చేలలో కూలికి పోయే ఏసన్నకూ విశ్వాసమ్మకూ పుట్టిన పిల్ల ఆమె. మిషన్ వాళ్ళ బోర్డింగు బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివింది. బడిలో ఏ పండుగ జరిగినా, అందరి ముందూ నిలబడి వాక్యం తప్పులేకుండా అప్పజెప్పేది ఆ పిల్లే. ఆ జ్ఞాపకశక్తిని చూసే, ఈ పిల్లను నర్సు పనికి పంపమని పాదిరిగారు ఏసన్నను ఒప్పించాడు. అట్లా పంతొమ్మిది వందల ముప్పయ్యారులో, రేకుపెట్టె ఒకటి చంకన పెట్టుకుని, పెన్న ఒడ్డునున్న మిషన్ ఆసుపత్రిలో అడుగుపెట్టింది.

పని ఆమెకు కష్టం కాలేదు. ఎండలో కలుపు తీసిన చేతులకు పక్కలు పరచడం, కట్లు కట్టడం, రోగిని ఒత్తిగిలించి ఒళ్ళు తుడవడం ఒక లెక్కలోవి కావు. పెద్ద నర్సు జీవమ్మ ఎవరినీ ఊరికే మెచ్చుకునే మనిషి కాదు. అలాంటి జీవమ్మే, ఈ పిల్ల చెయ్యి తగిలితే రోగి ముఖం తేటపడుతుందని ఒకసారి అన్నది. రత్నమణిని ఏడిపించినవి మాటలు. జబ్బుల పేర్లు, ఆపరేషన్ల పేర్లు. ఏ దేశపువో తెలియదు, ఒక్కొక్కటీ పిల్లిమొగ్గలు వేసే పేరు. పాఠం తెలుగులోనే చెప్పినా పేర్లు మాత్రం అట్లాగే నేర్చుకోవాలి.

ఆమె తనకు తెలిసిన దారిలోనే పోయింది. కీర్తనను బట్టీ పట్టినట్టు ఆ పేర్లన్నీ వరసగా బట్టీ పట్టింది. నీళ్ళు తోడుతూ, గుడ్డలు ఆరేస్తూ పెదవులు కదిలిస్తూనే ఉండేది. తీరా డాక్టర్ ప్రేమయ్యగారు నోటి పరీక్ష పెట్టిన రోజున, ఆయన వరసలో అడగలేదు. మధ్యలోంచి ఒకటి లాగి, నెఫ్రైటిస్ అంటే ఏమిటన్నాడు. ఆ పేరు దగ్గరికి చేరాలంటే రత్నమణి మొదటి పేరు నుంచి నడుచుకుంటూ రావాలి. కళ్ళు మూసుకుని లోలోపల మొదలుపెట్టింది. దారిలో ఉండగానే ఆయన ఇంకొకటి అడిగాడు. దాంతో ఉన్నది కూడా చెదిరిపోయింది. చివరికి కడుపు జబ్బుకు మెదడు జబ్బు పేరు చెప్పి, తక్కిన పిల్లలు ముసిముసిగా నవ్వుతుంటే తల వంచుకుని నిలబడింది.

డాక్టరుగారు కోప్పడలేదు. మరొకసారి పరీక్ష పెడతానన్నాడు. జీవమ్మ మాత్రం ఉన్నదున్నట్టు చెప్పింది. రెండోసారి కూడా ఇట్లాగే అయితే ఇంటికి పంపడం తప్ప తన చేతిలో ఏమీ లేదన్నది.

మరునాడు ఆమెకు మందుల గదిలో పని పడింది. అక్కడ కాంపౌండరు ఖాసిం సాహెబ్. నెరిసిన గడ్డం, ముక్కు చివరికి జారిన కళ్ళద్దాలు, చొక్కా మీద ఎప్పుడూ ఏదో ఒక మందు మరక. మాట తక్కువ మనిషి. మందు పోసి సీసా చేతికిస్తూ, ఎట్లా తాగాలో రోగి నోటితో తిరిగి చెప్పించుకుని గానీ పంపేవాడు కాదు. రత్నమణి ఒక మూల కూర్చుని గజ్జి మందు నూరుతోంది. కాసేపటికి ఆయన ఆ వైపు తిరిగి చూశాడు.

"ఏం బేటీ, మలాం నూరతాండావా, ఏడస్తాండావా? కండ్లనీళ్ళు పడితే మందు పల్చబడతాది."

ఆ మాటతో ఆమెకు ఇంకా ఏడుపొచ్చింది. పరీక్ష సంగతి చెప్పింది. ఇంటికి పోయి కూలి చేసుకుంటానన్నది. ఖాసిం సాహెబ్ ఓదార్చలేదు. నేర్చుకున్నది ఒకసారి అప్పజెప్పమన్నాడు. ఆమె ముక్కు తుడుచుకుని, మొదటినుంచి చివరిదాకా ఎక్కడా ఆగకుండా చెప్పేసింది. ఆయన చేతిలో సీసా పట్టుకుని అంతా విన్నాడు.

"ఒక్కటీ తప్పు ల్యా. అయితే నువ్వు రొట్టెను తుంచకుండా మింగుతాండావు. గొంతుకడ్డం పడక ఏమైతాది? సరే, మీ ఊరి దగ్గర వేంపల్లె ఉండాదే, ఆ పేరు చివర ఏముండాది?"

"పల్లె."

"జమ్మలమడుగు?"

"మడుగు."

"పత్తికొండకు ఎప్పుడన్నా పోయినావా?"

పోలేదన్నది. అయితే అక్కడ కొండ ఉందా లేదా అని అడిగాడు. ఉంటుందన్నది. చూడకుండా ఎట్లా తెలిసిందన్నాడు. పేరులోనే ఉంది కదా సాహెబ్ గారూ అని, ఆ మాట నోట్లో ఉండగానే ఆగిపోయింది రత్నమణి.

ఆ రోజు గిరాకీ తగ్గాక ఆయన ముక్కాలిపీట జరుపుకుని కూర్చున్నాడు. జబ్బుల పేర్లు కూడా ఊళ్ళ పేర్ల మాదిరివే అన్నాడు. వాటికీ ఒక తల, ఒక తోక ఉంటాయి. తోక చూస్తే ఏం జరిగిందో తెలుస్తుంది, తల చూస్తే ఎక్కడ జరిగిందో తెలుస్తుంది. చివర ఐటిస్ అని వినబడితే అక్కడ వాపు, మంట ఉన్నట్టు. ఆల్జియా అని వినబడితే నొప్పి. ముందర గ్యాస్ట్రో అని ఉంటే కడుపు, నెఫ్రో అంటే మూత్రపిండం, న్యూరో అంటే నరం. మరి నెఫ్రైటిస్ ఏమిటని అడిగాడు. రత్నమణి ఈసారి మొదటినుంచి నడుచుకుంటూ రాలేదు. నేరుగా ఆ పేరు దగ్గరికే వెళ్ళి, మధ్యకు తుంచి, మూత్రపిండం వాపు అన్నది.

"బేకారు అంటే ఏమి?" అన్నాడాయన.

"పని లేనోడు."

"బేఫికరు?"

"దిగులు లేనోడు."

"ముందర ఆ బే వచ్చిందంటే ఏదో ఒకటి లేదనే కదా. మీ తెలుగులో న్యాయానికి ముందర అ పెడితే అన్యాయమాయె. ఇప్పుడు అనీమియా చూడు. దాని ముందర అన్ ఉండాది. ఈమియా అంటే నెత్తురు సంగతి. ఒంట్లో నెత్తురు చాలదని చెప్తాండాది. మనం ఎట్ల మాటలు కట్టుకుంటామో, ఆ పొద్దు వాళ్ళూ అట్లనే కట్టుకున్యారు. దీంట్లో భయపడేదేముండాది?"

ఆ రోజు నుంచి, మందుల గదిలో పని ఉన్నా లేకపోయినా, మధ్యాహ్నం భోజనమయ్యాక ఆమె అక్కడికి వెళ్ళి కూర్చునేది. ఆయన మాత్రలు చుడుతూ ఒక పేరు విసిరేవాడు. ఆమె దాన్ని తుంచి తిరిగి ఇచ్చేది. హైపర్ అంటే ఎక్కువ, హైపో అంటే తక్కువ; ఈ రెండూ చెవికి దగ్గరగా ఉంటాయి, ఒకదానికి బదులు ఇంకొకటి విన్నావంటే రోగి ప్రాణం మీదికి వస్తుంది, అనుమానముంటే సిగ్గుపడకుండా మళ్ళీ అడుగు అని చెప్పాడు. ఆటమీ, ఎక్టమీ అనే రెండు తోకల దగ్గర అయితే ఒక పూటంతా కూర్చోబెట్టాడు. అవి అన్నదమ్ముల మాదిరి ఉంటాయన్నాడు. ఆటమీ అనేవాడు వచ్చి తలుపు తెరిచి, లోపల చేయాల్సింది చేసి, మళ్ళీ తలుపు వేసి పోతాడు. ఎక్టమీ అనేవాడు వచ్చి ఇంట్లో సామాను ఎత్తుకుపోతాడు. ముందుది కోత, వెనకది కోసి తీసేయడం.

ఆ విద్య పట్టుబడేసరికి రత్నమణికి పండుగలా ఉంది. వసతిగదిలో తోటిపిల్ల కాలికి ముల్లు గుచ్చుకుని వాచితే పాదైటిస్ అని పేరు పెట్టింది. జీవమ్మ తలనిండా నూనె రాసి బిగించి ముడి వేసుకున్న రోజున కొప్పాల్జియా అన్నది. నవ్వీ నవ్వీ పిల్లలకు పొట్ట నొప్పులు వచ్చాయి. ఆ పొట్ట నొప్పికి కూడా ఒక పేరు కట్టి ఇచ్చింది. నవ్విన పిల్లలే తర్వాత పుస్తకాలు పట్టుకుని ఆమె చుట్టూ చేరారు. రెండో పరీక్షలో డాక్టరుగారు ఎక్కడినుంచి అడిగినా తడుముకోలేదు. తను ఎన్నడూ వినని పేరు ఒకటి అడిగితే, ఇది నాకు చెప్పలేదండీ, అయితే దీని తోకను బట్టి ఇట్లా ఉండాలి అని చెప్పింది. అది సరిగ్గా అదే అయింది. ప్రేమయ్యగారు కళ్ళజోడు తీసి ఆమెవైపు చూసి, నవ్వి, చాలమ్మా పో అన్నాడు.

అదయిన కొన్నాళ్ళకు, శివరాత్రి దగ్గరపడుతుండగా, కంబన్నను ఆసుపత్రికి తెచ్చారు. అతను పుట్టిన ఊరు ఓర్వకల్లు. ఎర్రగుంట్ల పక్క నాపరాళ్ళ గనుల్లో పనికని అన్న ఈరన్నతో వచ్చి అక్కడే ఉండిపోయాడు. గడ్డపార వేసి బండను పెకిలించగల మనిషి, ఇప్పుడు ఒంటికి పోవాలంటే గోడ పట్టుకుని వణికిపోతున్నాడు. ధార మధ్యలో ఆగిపోతుంది, పొత్తికడుపులో కత్తి దింపినట్టు నొప్పి. డాక్టరుగారు చూసి, మూత్రాశయంలో రాయి ఉంది, ఆపరేషన్ చేసి తీస్తానన్నాడు. అన్నదమ్ములు సరేనన్నారు. ఆయన మంచం కాళ్ళ దగ్గరి పలక మీద ఆపరేషన్ పేరు రాసి, శ్రీశైలం యాత్రికుల్లో కలరా తగిలిందని కబురొస్తే, మందుల పెట్టెలతో ఆ పూటే బయలుదేరి వెళ్ళాడు. తిరిగి రాగానే కోత అని చెప్పి వెళ్ళాడు.

పక్క మంచం మీది రోగికి అతని బావ గోపన్న తోడుగా ఉన్నాడు. గోపన్న కోర్టులో చిన్న గుమాస్తా. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలడు. మంచివాడే. ఆ పలక చదివి, ఈరన్నను పక్కకు పిలిచి తనకు తెలిసింది చెప్పాడు. మా బావమరిదికీ ఇదే మాదిరి పేరు రాసి మూత్రపిండం ఒకటి తీసేశారు, ఆటమీ అన్నారంటే ఉన్నదాన్ని ఊడబెరకడమే, మీ తమ్మునికి ఉచ్చ నిలిచే సంచినే తీసేస్తారు, ఇక జన్మంతా మనిషి పనికి రాడు అన్నాడు.

మధ్యాహ్నానికల్లా ఈరన్న ఎద్దులబండిని వార్డు ముందుకు తెప్పించాడు. రత్నమణి లోపలికి వచ్చేసరికి కంబన్నను దుప్పటితో సహా ఎత్తుతున్నారు. జీవమ్మ కాన్పు గదిలో ఉంది. అక్కడ బిడ్డ అడ్డం తిరిగింది, ఆమె బయటికి వచ్చే వీలు లేదు. వార్డులో ఉన్న నర్సు తానొక్కతే. రత్నమణి వెళ్ళి మంచం పక్కన నిలబడి, ఎందుకు తీసుకుపోతున్నారని అడిగింది. ఈరన్న చెప్పాడు. ఆ చెప్పడంలో కోపం కంటే భయం ఎక్కువ కనిపించింది ఆమెకు. కొన్ని నెలల కిందటైతే ఆ రెండు పేర్లకూ తేడా తనకూ తెలిసేది కాదు.

"పెద్దన్నా, మీది ఓర్వకల్లు కదా. ఆ పేరులో కల్లు అంటే ఏమి?"

"రాయి. తాగే కల్లు అనుకుంటివా?"

"ఈ పలక మీది పేరులో గూడా రాయి ఉండాది. సిస్టో, లిథ్, ఆటమీ. మూడు తునకలు. సిస్టో అంటే ఉచ్చ నిలిచే సంచి. లిథ్ అంటే మీ ఊరి కల్లే. ఆటమీ అంటే కోత. సంచిని కోసి, లోపలుండే రాయి తీసి, మళ్ళీ కుడతారు. సంచిని తీసేదిగా ఉంటే పేరు ఇట్ల రాయరు. మీరు గనిలో బండకోసం మన్ను తవ్వుతారే, తవ్వినంత మాత్రాన గుట్టను ఎత్తుకపోతారా?"

ఈరన్న దుప్పటి కొస వదలలేదు గానీ అడుగు ముందుకు వేయలేదు. గోపన్న అడ్డొచ్చి, మరి మా బావమరిది సంగతేమన్నాడు. ఆయనకు రాసిన పేరేమిటో గుర్తుందా అని అడిగింది. నెఫ్రెక్టమీ అన్నాడు. ఆ తోక మళ్ళీ ఒకసారి పలకమన్నది. గోపన్న పలికాడు. ఇప్పుడు దీని తోక చదవమని పలక చూపించింది. వేలు పెట్టి చదివాడు. ఎక్టమీ, ఆటమీ అని రెండింటినీ నాలుగైదుసార్లు నోట్లో తిప్పుకున్నాడు. ఆ తర్వాత అతని ముఖం చిన్నబోయింది. ఊరికే బెదరగొట్టినానే అని గొణిగి, తానే వెళ్ళి కంబన్న తలకింద చెయ్యి పెట్టాడు.

"కోసినాక మావాడు బతుకుతాడని నువ్వు చెప్పగలవా పాపా?" అన్నాడు ఈరన్న.

"చెప్పలేనన్నా. అది దేవుడు, డాక్టరుగారు చూసుకోవాల. పేరులో ఏముండాదో అది మాత్రం చెప్పగలను. ఈ పేర్ల పరీక్షలోనే నేను ఒకసారి తప్పినదాన్ని. అందుకే ఇప్పుడు బాగా తెలుసు."

అంతదాకా కళ్ళు మూసుకుని ఉన్న కంబన్న అప్పుడు నోరు విప్పాడు.

"నన్ను దించన్నా. నా లోపల ఏం జేస్తారో ఈ పాప చెప్తే నాకు తెలిసె. తెలిసినాక నాకు భయం ల్యా."

దించారు. బండి ఖాళీగా వెళ్ళిపోయింది. డాక్టరుగారు వచ్చాక జరిగింది విన్నాడు. బయలుదేరే హడావుడిలో, కూర్చుని చెప్పాల్సిన మాట నిలబడి చెప్పి పోయానని నొచ్చుకున్నాడు. ఆపరేషన్ రోజున రత్నమణినే పళ్ళెం పట్టుకోమన్నాడు. బయటికి వచ్చిన రాయి చిన్న నిమ్మకాయంత ఉంది. పుండు మానడానికి చాలా రోజులు పట్టింది, మధ్యలో జ్వరం కూడా తగిలింది. కానీ ఒకనాడు పొద్దున్నే కంబన్న గోడ పట్టుకోకుండా పెరట్లోకి వెళ్ళి, నొప్పి లేకుండా పని ముగించుకుని, వరండాలో అందరికీ వినబడేట్టు ఈరన్నా అని కేక వేశాడు. ఆ కేకకు వార్డంతా నవ్వింది. రాయిని అతని చేతిలో పెడితే, గనివాని చూపుతో ఇటూ అటూ తిప్పి చూశాడు. మా నాపరాయి మాదిరే పొరలు పొరలుగా పెరిగిందని ముచ్చటపడ్డాడు.

ఇంటికి పోయే రోజున అన్నదమ్ములు రత్నమణి కోసం వచ్చారు. ఏదో ఒకటి ఇవ్వకుండా పోలేమన్నారు. నర్సులు ఏమీ పుచ్చుకోకూడదని చెప్పింది. వాళ్ళు కదల్లేదు. అప్పుడు ఆమె, ఆ మాటలు తనవి కావనీ, మందుల గదిలోని ఖాసిం సాహెబ్ నేర్పినవనీ, ధన్యవాదం ఏమన్నా ఉంటే ఆయనకు చెప్పి పొమ్మనీ అన్నది. వాళ్ళు వెళ్ళి ఆయనకు దండం పెట్టారు. ఆయన ఇబ్బంది పడి, ఏమీ లేదప్పా, మందు వేళకు తాగు అన్నాడు. అప్పుడే వాళ్ళు మందుల గది కిటికీ ముందు నేల చూశారు. రోగులు నిలబడి నిలబడి గుంటపడింది. చినుకు పడితే చాలు బురద. కుంటివాళ్ళు, బాలింతలు ఆ బురదలోనే నిలబడాలి.

వానలకు ముందు రెండు బండ్ల నిండా నాపరాళ్ళు వచ్చాయి. కంబన్న, ఈరన్న, గనిలో వాళ్ళతో పనిచేసేవాళ్ళు కొందరు వచ్చి, కిటికీ ముందరి గుంటలు పూడ్చి, ఇసుక పోసి, అంచుకు అంచు కలిపి బండలు పరిచారు. కంబన్నను బరువు ఎత్తనివ్వలేదు. అతను దారం పట్టుకుని మట్టం చూశాడు. ఖాసిం సాహెబ్ పని ఆపి బయటికి వచ్చి, బండల మీద అటు చివరినుంచి ఇటు చివరికి నడిచాడు. వాళ్ళు బండ్లు కట్టుకుని వెళ్ళాక, పక్కన నిలబడ్డ రత్నమణితో అన్నాడు.

"ఇది నాకు చెల్లేది కాదు బేటీ. జర్మనీ యుద్ధానికి కూలిగా పోయినా నేను. అరబ్బు దేశంలో, బస్రాలో గుడారం ఆసుపత్రి. దెబ్బతిన్నోళ్ళను మోసే పని. ఆడ సవరిముత్తు అని ఒక అరవాయన, కాంపౌండరు. నేను గుడ్డలు ఉడకబెడతా ఉంటే పక్కన కూచోని ఈ మాటలు తుంచి తుంచి చెప్పె. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు, అయినా చెప్పె. జ్వరం తగిలి ఆడనే పోయినాడు. ఊరేదో అడిగిందిల్యా. షుక్రియా చెప్పేదానికి ఆయన ఇల్లు యాడో నాకు తెలీదు. నేను ఎవురికి చెప్పాల?"

రత్నమణి ఆ అరవాయన పేరు మరొకసారి అడిగి చెప్పించుకుంది.

ఆ ఏడు శెనక్కాయ పంట చేతికొచ్చాక, సెలవు మీద ఊరికి వెళ్ళింది. మిషన్ గుడిలో పంటకాలపు కృతజ్ఞత కూటం జరుగుతోంది. ఒక్కొక్కరే లేచి దేవుడు తమకు చేసిన మేలు చెబుతున్నారు. ఒకరు చేను పండిందన్నారు, ఒకరు బిడ్డ బతికిందన్నారు. రత్నమణి వంతు వస్తే, ఎప్పటిలాగే కీర్తన ఒకటి చక్కగా అప్పజెబుతుందని అందరూ చూశారు. ఆమె లేచి కీర్తన చెప్పలేదు. ఖాసిం సాహెబ్ అనే మనిషి కోసం స్తోత్రమన్నది. ఆయనకు విద్య చెప్పి దూరదేశంలో కన్నుమూసిన సవరిముత్తు కోసం స్తోత్రమన్నది. తనకు తెలియని ఆయన ఇంటివాళ్ళు ఎక్కడున్నా చల్లగా ఉండాలన్నది. అంతే చెప్పి కూర్చుంది. ముందు వరసలో చాప మీద కూర్చున్న ముసలమ్మలు ఆమెన్ అన్నారు. పాదిరిగారు అన్నాడు. వెనక నిలబడ్డ ఏసన్న అందరికంటే ఆలస్యంగా, అందరికంటే గట్టిగా అన్నాడు.

తిరుగు ప్రయాణంలో విశ్వాసమ్మ కొత్త శెనక్కాయలు మూట గట్టి ఇచ్చింది. ఆ సాయిబుగారి చేతికే ఇయ్యి, ఆసుపత్రి పిల్లలకు పంచబాక అని మరీ మరీ చెప్పింది.

రత్నమణి మూట తెచ్చి ఇచ్చేసరికి రంజాను నెల నడుస్తోంది. ఖాసిం సాహెబ్ దాన్ని పక్కన పెట్టి, పొద్దు కుంకినాక రమ్మన్నాడు. ఆమె వెళ్ళింది. ఆయన ఒక ఖర్జూరంతో ఉపవాసం విడిచి, నీళ్ళు తాగి, మూట విప్పాడు. ఒక కాయ వేళ్ళ మధ్య చిదిపి, పప్పులు నోట్లో వేసుకుని నమిలాడు.

"మీ అమ్మకు చెప్పు, పప్పు గట్టిగా, శానా తియ్యగా ఉండాదని" అన్నాడు. మూటను ఆమెవైపు జరిపాడు. ఇద్దరూ కాయలు ఒలుచుకుని తింటూ, కూటంలో ఎవరెవరు ఏమేమి చెప్పారో ఆమె చెబుతుంటే ఆయన వింటూ, దీపాలు పెట్టేదాకా అక్కడే కూర్చున్నారు.